సైన్స్‌ను జనం దగ్గరికి తీసుకెళ్ళే పనిలో బతుకుతెరువు ఉందా? బెంగళూరు, చెన్నైలో ఉన్నవాళ్ళు చెప్పండి

ఒంగోలుపిల్ల
మార్చి 1, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె. బెంగళూరులో పీహెచ్‌డీ ఐదో ఏడు, బ్యాక్టీరియా మీద పని. థీసిస్ చేతికి రావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టొచ్చు. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌కి, అంటే డిగ్రీ అయ్యాక ఇంకో ల్యాబ్‌లో పరిశోధనకి, వెళ్ళాలని లేదు. జనంతో సైన్స్ మాట్లాడే పనిలోకి వెళ్ళాలని ఉంది. అవుట్‌రీచ్, పబ్లిక్ ఎంగేజ్‌మెంట్ అని పేర్లు వినపడుతున్నాయి కానీ అది ఉద్యోగమా, సేవా? జీతం ఎవరిస్తారు? పదేళ్ళ తర్వాత ఎక్కడుంటాం? మా ల్యాబ్‌లో ఎవరికీ తెలీదు.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో చెప్తాను. నిన్న ఫిబ్రవరి 28, సైన్స్ డే. మా ఇన్‌స్టిట్యూట్ గేట్లు జనానికి తెరిచారు. నా బల్ల మీద మైక్రోస్కోపు, దాని కింద చెరువు నీటి చుక్క. పొద్దుట్నుంచి ఇంగ్లీషులోనూ వచ్చీరాని కన్నడంలోనూ అవే నాలుగు మాటలు చెప్తూ ఉన్నాను. మధ్యాహ్నం మూడింటప్పుడు ఒకావిడ, ఏడెనిమిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పక్క వీధిలో లేస్తున్న అపార్ట్‌మెంట్‌లో కూలి పని చేస్తున్నారట. సొంతూరు ఆదోని వైపు. పాప ఒక కన్ను మూసి చూసి "మా, ఉరుకుతాండాయి" అని అరిచింది. తర్వాత ఆవిడ వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక అడిగింది: "మేం తాగే ట్యాంకరు నీళ్ళల్లో గూడా ఇవి ఉంటాయా మేడం?"

ఇవి వేరమ్మా, వీటితో ప్రమాదం లేదు అన్నాను. "మరి ప్రమాదమైనవి ఉంటే కనపడతాయా?"

చాలావరకు దీనిలో కనపడవు, వేరే పరీక్ష చెయ్యాలి అని చెప్పాను. చేశారా అని ఆవిడ అడగలేదు. అడిగినట్టే అనిపించింది. ఐదేళ్ళుగా బ్యాక్టీరియా పెంచుతున్నాను. వాళ్ళ రేకుల షెడ్లు మా హాస్టల్ కిటికీలోంచి కనిపిస్తాయి. రాత్రి నిద్ర పట్టలేదు.

నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఫోన్‌లో చెప్తే "ఇంత చదివి మళ్ళీ పిల్లలకు మైక్రోస్కోపు చూపిస్తావా తల్లీ" అన్నారు. కోపంగా కాదు, దిగులుగా. ఆయనకేం చెప్పాలో కూడా చెప్పండి.

సర్జాపురం_సుధ
మార్చి 1, రాత్రి 11:25

చెల్లీ, ముందు డబ్బు సంగతి చెప్తాను. నాకు దాన్ని ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఎమ్మెస్సీ అయ్యాక ఒక పరిశోధనా సంస్థలో అవుట్‌రీచ్ పనిలో చేరాను. పేరు వద్దులే. నాలుగేళ్ళు చేశాను. పని ప్రాణం. కానీ కాంట్రాక్టు. మార్చి వచ్చిందంటే టెన్షన్, రెన్యువల్ కాగితం వస్తుందా రాదా అని. నా జీతం ఒక ప్రాజెక్టు గ్రాంటులోంచి వచ్చేది. గ్రాంటు గడువు తీరిన నెలే నా పనీ పోయింది. ఆ ఏడాదే తమ్ముడి ఫీజు నా మీద పడింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. ఈ రోజుకీ ఆ క్యాంపస్ ముందు నుంచి బస్సు వెళ్తుంటే తల అటు తిరుగుతుంది.

పెద్ద సంస్థలకు కూడా భరోసా లేదు. సైన్స్‌ను దేశభాషల్లో జనానికి చెప్పడానికే కేంద్రం 1989లో విజ్ఞాన్ ప్రసార్ పెట్టింది. 2023లో మూసేశారు.

నిన్ను వెనక్కి లాగడానికి చెప్పడం లేదు. ఎక్కడ చేరినా, నీ జీతం ఏ పద్దులోంచి వస్తుంది, ఆ పద్దు ఎన్నాళ్ళుంటుంది అని మొహమాటపడకుండా అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని నేను ఊరుకున్నాను.

పరిశోధక_పంతులు
మార్చి 2, ఉదయం 7:10

పీహెచ్‌డీ పూర్తి చెయ్యమ్మా ముందు. ఎనిమిది నెలలు ఇంకోవైపు చూడకు. ఈ దేశంలో పరిశోధకుల్ని తయారు చెయ్యడానికి ఎంత ఖర్చవుతుందో నాకు తెలుసు. మంచి పరిశోధకురాలు బయటికి వెళ్ళిపోతే ఆ ఖాళీ నింపడం సులువు కాదు. జనానికి చెప్పేవాళ్ళు వేరే ఉంటారు.

పెరంబూరు_పద్మ
మార్చి 2, ఉదయం 8:02

పంతులు గారూ, పూర్తి చెయ్యమన్న మాట ఒప్పుకుంటాను. "చెప్పేవాళ్ళు వేరే ఉంటారు" అన్నది మాత్రం ఒప్పుకోలేను. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు వెతకగలిగింది ఆ రోజు అక్కడున్న వాళ్ళలో ఈ అమ్మాయి ఒక్కతే. స్కూల్‌కి టైమైంది, సాయంత్రం రాస్తాను.

కస్తూర్బారోడ్
మార్చి 2, ఉదయం 11:30

నేను ఇక్కడ బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య సైన్స్ మ్యూజియంలో చాలా ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను. స్థిరమైన ఉద్యోగం అంటున్నారు కాబట్టి ఆ దారి గురించి చెప్తాను.

ఈ మ్యూజియం జనానికి తెరిచింది 1965లో. ఇప్పుడు ఇది నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ కింద ఉంది. కౌన్సిల్ ప్రధాన కార్యాలయం కోల్‌కతా, కేంద్ర సాంస్కృతిక శాఖ కిందికి వస్తుంది. క్యూరేటర్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్ లాంటి పోస్టులకు నోటిఫికేషన్ పడుతుంది. ఎప్పుడో గానీ పడదు, పడితే పోటీ గట్టిగా ఉంటుంది. క్యూరేటర్ అయితే దేశంలో ఎక్కడికైనా బదిలీకి సిద్ధపడాలి. కానీ పర్మనెంట్. తిరుపతిలో అలిపిరి దగ్గరున్న రీజనల్ సైన్స్ సెంటర్ కూడా ఈ కుటుంబంలోదే. తెలుగు వచ్చినవాళ్ళ అవసరం అక్కడ ఎప్పుడూ ఉంటుంది.

పని ఎలా ఉంటుందంటే, చేరిన కొత్తలో గ్యాలరీలో నిలబడి చూసేవాణ్ణి. పిల్లలు బటన్ నొక్కుతారు, యంత్రం కదిలేలోపే పక్కదాని దగ్గరికి పరిగెడతారు. నాకు మనసు చివుక్కుమనేది. ఎంత కష్టపడి చేసిన నమూనా! మా సీనియర్ ఒకాయన "బోర్డు మీద రాసింది చెప్పకు. నొక్కితే ఏమవుతుందనుకుంటున్నావు అని అడుగు, అంతే" అన్నారు. అడిగితే పిల్లాడు ఆగుతాడు. ఏదో ఒకటి అంటాడు. అన్నాక, తను అన్నది నిజమవుతుందా లేదా అని చూడకుండా వెళ్ళలేడు. నా సర్వీసులో నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఎగ్జిబిషన్ బస్సు మీద ఊళ్ళు తిరిగాను. పావగడ, బాగేపల్లి వైపు వెళ్తే పేరుకి కర్ణాటక, ఇళ్ళలో తెలుగు. బోర్డులు కన్నడంలో ఉండేవి. పక్కన నిలబడి తెలుగులో మాట్లాడేవాణ్ణి. ముసలివాళ్ళు కూడా బస్సెక్కేవాళ్ళు. మీ భాషే మీ ఆస్తి అమ్మా. ఈ ఊళ్ళో సైన్స్ తెలిసినవాళ్ళకు కొదవ లేదు. ఆదోని నుంచి వచ్చిన కూలితల్లికి ఆదోని మాటల్లో జవాబు చెప్పగలిగేవాళ్ళు ఎందరున్నారు?

నాన్నగారి సంగతి: నాకూ కూతురుంది. ఆయనకు మీ పని చిన్నదిగా కనపడడం లేదు. మీకు స్థిరపాటు ఉండదేమో అని భయం. ఆ రెండింటినీ విడదీసి మాట్లాడండి.

గుడివంక
మార్చి 2, మధ్యాహ్నం 1:45

అక్కా, మాది కుప్పం. నేను అగస్త్య ఫౌండేషన్‌లో ఇగ్నేటర్‌ని. ఉపాధ్యాయుల్ని మా దగ్గర అలా పిలుస్తారు. సంస్థ 1999లో మొదలైంది. ఆఫీసు బెంగళూరు, పెద్ద క్యాంపస్ మా కుప్పం దగ్గర గుడివంకలో, 172 ఎకరాలు. మొబైల్ ల్యాబ్ వ్యాన్లలో ప్రభుత్వ బడులకు వెళ్తాం. తెలుగు, కన్నడ, తమిళం మూడూ కలిసే చోటు మాది.

ఒక్క సంగతి చెప్తా. పలమనేరు దగ్గర ఒక బడిలో కీటకాల జీవిత చక్రం చెప్తున్నాను, చార్టు పట్టుకుని. గుడ్డు, లార్వా, ప్యూపా అని. వెనక బెంచీలో ఒక పిల్లోడు చెయ్యెత్తి "సార్, మా పురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయి, అది రాయలేదే" అన్నాడు. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచుతారు. కుబుసం విడిచే దశను మావైపు జ్వరం అంటారు. జ్వరంలో ఆకు వెయ్యకూడదు, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది, లేచాక ఆకు ముక్కలు ఎంత సైజులో కొయ్యాలి, నాలుగో జ్వరం దాటాక రాత్రీ పగలూ ఎలా తింటుందో, ఆకు నమిలే చప్పుడు వాన పడ్డట్టు ఎలా వినపడుతుందో అన్నీ చెప్పాడు. పదిహేను నిమిషాలు. నేను చార్టు చుట్టేసి కింద కూర్చున్నా. మర్నాడు ఆ పిల్లోడితోనే పురుగులు తెప్పించి పాఠం చెప్పించాం.

జీతం గొప్పగా ఉండదు అక్కా. ఎండలో వ్యాన్‌లో తిరగాలి. కానీ మీరు పీహెచ్‌డీ చేసి వస్తే బడిలో నిలబడడమే కాదు, పాఠాలు తయారు చెయ్యడం, మాలాంటివాళ్ళకు శిక్షణ ఇవ్వడం లాంటి పనులుంటాయి. ఒకసారి వచ్చి చూడండి. బెంగళూరు నుంచి రైల్లో పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు.

పెరంబూరు_పద్మ
మార్చి 2, సాయంత్రం 6:20

పొద్దున సగంలో ఆపాను. నేను చెన్నైలో స్కూల్ టీచర్‌ని, ఉద్యోగరీత్యా నాది ఈ రంగం కాదు. కానీ మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం. తమిళనాడులో కోయంబత్తూరు, దిండిగల్ వైపు కంకణంలా కనపడింది, మాకు పాక్షికం. ముందురోజు రాత్రే మా అత్తగారు పచ్చళ్ళ జాడీల మీద, పాల గిన్నె మీద దర్భలు వేశారు. నేనేం అనలేదు. తొమ్మిదిన్నరకు గ్రహణం బాగా పట్టాక డాబా మీదికి వెళ్ళి బూందీ గరిటె ఎండలో పైకెత్తి పట్టుకున్నాను. పిల్లలకు చూపిద్దామని. నేలంతా నెలవంకలు! గరిటెకు ఎన్ని చిల్లులుంటే అన్ని. పిల్లలు అరుస్తుంటే అత్తగారు తలుపు దాకా వచ్చారు. "ఆకాశం వైపు చూడొద్దు, కింద చూడండి అత్తయ్యా" అన్నాను. ఒక్క అడుగు బయటికి వేశారు. ఆవిడ తెల్ల చీర కుచ్చిళ్ళ మీద వరసగా పడ్డాయి నెలవంకలు. చీర కొంచెం పైకి లాగి చూసుకున్నారు. తర్వాత గరిటె నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూసి అడిగారు: "చిల్లులు గుండ్రంగా ఉన్నాయి కదా, నెలవంక ఎందుకు పడుతోందే?"

నాకు నోట మాట రాలేదు. పదేళ్ళుగా పాఠం చెప్తున్నాను, ఏ విద్యార్థీ ఆ ప్రశ్న అడగలేదు. అప్పటికప్పుడు అట్టముక్కకు చదరంగా ఒక చిన్న చిల్లు, మూడు మూలలుగా ఒక చిల్లు పెట్టి పట్టుకున్నాం. రెండింటికీ నెలవంకే. అంటే పడుతున్నది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. అది ఆవిడే అన్నారు, నేను కాదు.

దర్భల గురించి ఆ రోజు ఎవరం మాట్లాడలేదు. విడుపు స్నానం కూడా చేశారు. తర్వాతి గ్రహణానికి గరిటె ఎక్కడుందని మాత్రం ముందే అడిగారు. ఒంగోలు అమ్మాయీ, నువ్వు చెయ్యాలనుకుంటున్న పని ఇదే అనుకుంటున్నాను. నమ్మకాలు ఓడించడం దాకా వెళ్ళక్కర్లేదు, గరిటె అందిస్తే చాలు.

తరమణి_తెలుగోడు
మార్చి 2, రాత్రి 9:50

పద్మ గారూ, చదువుతుంటే మా ఊరి పెద్దాయన ఒకరు గుర్తొచ్చారు. మా ఊరంటే ఇప్పుడు చెన్నైయే.

నుంగంబాక్కంలో 1792 నుంచి మద్రాసు అబ్జర్వేటరీ ఉండేది. అక్కడ చింతామణి రఘునాథాచారి అనే ఆయన అసిస్టెంట్‌గా పని చేశారు. పంచాంగాలు చేసే కుటుంబం. 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు పెరిగి తగ్గుతుందని కనిపెట్టారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడు. ఆయన ఏం చేశారంటే, అది ఏమిటో ఎందుకో మామూలు జనానికి చెప్పడానికి చిన్న పుస్తకం రాశారు. ఇంగ్లీషులో ఒక్కటే కాదు, కన్నడం, ఉర్దూ లాంటి భాషల్లో కూడా అచ్చయింది. సిద్ధాంతికీ స్నేహితులకీ మధ్య సంభాషణగా నడుస్తుంది. 150 ఏళ్ళ కిందట! అప్పటికి ఈ పనికి పేరు లేదు, జీతం అంతకన్నా లేదు. సంభాషణగా రాయాలని ఆయనకు ఎలా తోచిందో అని చాలాసార్లు అనుకుంటాను. పంచాంగం ఇంట్లో పుట్టినవాడు కాబట్టి, జనం ఏం అడుగుతారో వాకిట్లో కూర్చుని విని ఉంటారు.

ఇక నేటి సంగతి. తరమణిలోని గణిత శాస్త్ర సంస్థ (1962లో మన అల్లాడి రామకృష్ణన్ గారు పెట్టింది) 2016 నుంచి మ్యూజిక్ అకాడమీలో "సైన్స్ ఎట్ ది సభ" అని నడుపుతోంది. కచేరీలు జరిగే హాల్లో సైన్స్ ఉపన్యాసాలు. బెంగళూరులో ఐసీటీఎస్ అనే పరిశోధనా సంస్థ వాళ్ళ "కాపీ విత్ క్యూరియాసిటీ" ఉపన్యాసాలున్నాయి, నెహ్రూ ప్లానెటేరియంలో వారాంతపు తరగతులున్నాయి. ఇలాంటివి ఎవరో ఒకరు కూర్చుని ప్లాన్ చెయ్యాలి కదా. పెద్ద సంస్థల్లో కమ్యూనికేషన్ ఆఫీసులు అందుకే పెరిగాయి.

సర్జాపురం_సుధ
మార్చి 2, రాత్రి 10:15

వాటితో పాటు హెబ్బాళ దగ్గర బళ్ళారి రోడ్డులో సైన్స్ గ్యాలరీ బెంగళూరు. 2024 జనవరిలో కార్బన్ మీద ఎగ్జిబిషన్‌తో తలుపులు తెరిచారు. టికెట్ లేదు. మీడియేటర్లని కుర్రాళ్ళను తీసుకుంటారు, వచ్చినవాళ్ళతో మాట్లాడడమే వాళ్ళ పని. జీవశాస్త్రం వైపు ఉద్యోగాలకు ఇండియాబయోసైన్స్ వాళ్ళ ప్రకటనలు చూస్తూ ఉండు. నేను మానేసినా ఆ పేజీ చూడడం మానలేదు.

మడకశిర_మోహన్
మార్చి 3, ఉదయం 9:05

అందరూ పిల్లలకు, పెద్దలకు సైన్స్ చూపించడం గురించి చెప్పారు. ఇంకో రకం ఉంది. నిర్ణయం తీసుకునేటప్పుడు జనాన్ని అడగడం.

2010లో బీటీ వంకాయకు, అంటే పురుగు పట్టకుండా జన్యువు మార్చిన వంకాయకు, అనుమతి ఇవ్వాలా వద్దా అని అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు పెట్టారు. చివరిది ఫిబ్రవరి 6న బెంగళూరులో. నేనప్పుడు జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో, అగ్రికల్చర్ విద్యార్థిని. వెళ్ళాను. అరుపులు, ప్లకార్డులు, మైకు కోసం తోపులాట. శాస్త్రవేత్తలు విషపరీక్షల గురించి, ఎలుకల మీద పరీక్షల గురించి చెప్తున్నారు. నా పక్కన మావైపు రైతు ఒకాయన, తెలుగాయనే, నన్ను మోచేత్తో పొడిచి "విత్తనం దాచుకోవచ్చా లేదా, అది అడుగు" అన్నాడు. నేను మైకు దాకా వెళ్ళలేకపోయాను. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారు చేసిన బీటీ వంకాయ రకాల్లో హైబ్రిడ్ కానివి కూడా ఉన్నాయని, వాటి విత్తనం దాచుకోవచ్చని తర్వాత చదివాను. అంటే ఆయన ప్రశ్నకు జవాబు ఉంది. ఆ హాల్లో ఆయనకు అందలేదు. ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటించారు, అంటే అనుమతిని ప్రస్తుతానికి ఆపేశారు.

నిర్ణయం తప్పా ఒప్పా అన్న వాదన ఇక్కడ వద్దు. నాకు బాధ కలిగించేది వేరు. ప్రశ్నలు అడగడానికి జనానికి దొరికింది ఒక్క పూట, అదీ అంతా అయ్యాక. ఆ పరిశోధన మొదలైన రోజుల్లోనే ఎవరైనా ఊళ్ళకు వెళ్ళి కూర్చుని ఉంటే? బ్రిటన్‌లో 1985లో శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ నివేదిక జనానికి సైన్స్ అర్థమయ్యేలా చెప్పాలంది. 2000లో వాళ్ళ పార్లమెంటు ఎగువ సభ (లార్డ్స్) కమిటీ చెప్తే చాలదు, మాట్లాడుకోవాలంది. ఎంగేజ్‌మెంట్ అన్న మాట అక్కడి నుంచే ఊపందుకుంది. మనకూ అలాంటి మనుషులు కావాలి. ల్యాబ్ లోపల ఏం జరుగుతుందో తెలిసి, పొలం గట్టున కూర్చోగలిగేవాళ్ళు. ఒంగోలు పిల్ల గారూ, మీరు వద్దనుకోకండి.

పరిశోధక_పంతులు
మార్చి 3, రాత్రి 8:40

మోహన్ గారు చెప్పింది ఆలోచించాల్సిందే. నేను "వేరేవాళ్ళు చెప్తారు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. థీసిస్ మాట మాత్రం తీసుకోను. పీహెచ్‌డీ చేతిలో ఉంటే రేపు ఏ సంస్థలోనైనా శాస్త్రవేత్తతో సమానంగా బల్ల దగ్గర కూర్చుంటావు. లేకపోతే పోస్టర్లు అంటించే పని అప్పజెప్తారు. ఇది న్యాయం కాదు, కానీ జరుగుతున్నది అదే.

ఇంకో మాట. ఆ తల్లి నీళ్ళు పరీక్ష చెయ్యాలని నీకు అనిపిస్తూ ఉంటుంది. చెయ్యి. కానీ ఫలితం చెడ్డగా వస్తే ఏం చేస్తావో ముందే ఆలోచించుకుని వెళ్ళు. చెడ్డ కబురు చెప్పేసి వెనక్కి వచ్చెయ్యడం మంచిది కాదు.

ఒంగోలుపిల్ల
మార్చి 8, రాత్రి 9:30

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. అందరివీ రెండు మూడు సార్లు చదివాను. పంతులు గారూ, మీ చివరి మాట పట్టుకునే వెళ్ళాను.

నిన్న శనివారం షెడ్ల దగ్గరికి వెళ్ళాను. హెచ్‌టూఎస్ సీసాలు తీసుకెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం: చిన్న గాజు సీసా, లోపల మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గుర్తు దాకా నీళ్ళు పోసి మూత పెట్టి వెచ్చని చోట ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఎంత కలిసిందో చెప్పదు. చవక, కరెంటు అక్కర్లేదు.

నేను మూడు సీసాలు బయటికి తీసి ట్యాంకరు నీళ్ళు పట్టబోతుంటే ఆవిడ ఆపింది. "మూడూ ఒక్క దగ్గరే ఎందుకు మేడం? ఒకటి ట్యాంకరు పైపు దగ్గర పట్టు. ఒకటి మా డ్రమ్ములో. ఒకటి నా బిందెలో. యాడ చెడిపోతాందో తెలియాల కదా."

నేను ఎన్ని ప్రయోగాలు రాసుకున్నానో ఐదేళ్ళలో. దారిపొడవునా ఎక్కడెక్కడ పట్టాలో నాకు తట్టలేదు. ట్యాంకరే దోషి అని ముందే అనుకుని వెళ్ళాను.

ట్యాంకరు వచ్చేదాకా గంటన్నర కూర్చున్నాం. పాప ప్రతి సీసా మీద బొగ్గుతో గుర్తు పెట్టింది: లారీ బొమ్మ, డ్రమ్ము బొమ్మ, బిందె బొమ్మ. సీసాలు నేను తీసుకెళ్ళిపోతానంటే ఒప్పుకోలేదు, మాకు కనపడాలి అంది. షెడ్‌లో పొయ్యి పక్కన గూట్లో పెట్టాం. పిల్లల చేతికి అందని ఎత్తులో.

ఈ సాయంత్రం వెళ్ళాను. లారీ బొమ్మ సీసా మామూలుగా ఉంది. డ్రమ్ము నలుపు. బిందె నలుపు.

చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు పదిమంది దాకా గుమిగూడారు. నేను నోరు తెరవక ముందే ఆవిడ వాళ్ళకు చెప్పింది, "నీళ్ళు వచ్చేటప్పుడు బాగుండాయి, మన డ్రమ్ములోనే చెడిపోతాండాయి" అని. డ్రమ్ముకు మూత లేదు. అందరూ చెంబు ముంచి తీసుకుంటారు. నేను చెప్పింది కొంచెమే. తాగే నీళ్ళు మరిగించుకోవాలి, లేదంటే క్లోరిన్ బిళ్ళ వెయ్యాలి, చెయ్యి ముంచకూడదు. మరిగించడానికి గ్యాస్ చాలదని ఒకావిడ అంది. అది నిజమే, నేను ఆలోచించలేదు. బిళ్ళలు రేపు తెస్తానని చెప్పాను. నల్లబడిన సీసాల్లో బ్లీచింగ్ పోసి మూత పెట్టి నేనే వెనక్కి తెచ్చాను, అలా పారెయ్యకూడదు.

గుడివంక
మార్చి 8, రాత్రి 10:05

అక్కా, పాప బొమ్మలు గీసిన సీసాలు ఫోటో తీశారా? ఈ పాఠం మా బడుల్లో చేస్తాం. ఆవిడ పద్ధతిలోనే, దారిపొడవునా.

కస్తూర్బారోడ్
మార్చి 9, ఉదయం 6:50

డ్రమ్ముకు కింద కుళాయి బిగించమని మేస్త్రీని అడగండి. పెద్ద ఖర్చు కాదు. చెంబు ముంచాల్సిన పనే ఉండదు. నేను వచ్చి మాట్లాడమన్నా వస్తాను, కన్నడంలో మాట్లాడితే త్వరగా అవుతుంది.

ఒంగోలుపిల్ల
మార్చి 15, రాత్రి 8:15

కస్తూర్బా రోడ్ గారు బుధవారం నిజంగానే వచ్చారు. మేస్త్రీ మొదట విసుక్కున్నాడు, తర్వాత ఆయన మాట్లాడుతుంటే మెత్తబడ్డాడు. కుళాయి బిగించారు, మూత కూడా వచ్చింది. డ్రమ్మును బ్లీచింగ్ పొడితో తోమారు. నిన్న మళ్ళీ మూడు సీసాలు పెట్టాం. ఇవాళ చూస్తే లారీ మామూలు, డ్రమ్ము మామూలు, బిందె లేత బూడిద రంగులోకి తిరుగుతోంది. బిందె సంగతి ఆవిడే చూస్తానంది.

సుధ అక్కా, మీరు చెప్పినట్టే ఇద్దరిని అడిగాను, జీతం ఏ పద్దు కింద అని. ఒకచోట రెండేళ్ళ ప్రాజెక్టు. ఇంకోచోట ఇంకా చెప్పలేదు. థీసిస్ నాలుగో అధ్యాయం రాస్తున్నాను. కుప్పం ఈ నెలాఖరు ఆదివారం వస్తాను తమ్ముడూ.

నాన్నకు ఫోన్ చేసి సీసాల సంగతి మొత్తం చెప్పాను. మధ్యలో ఏం మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. చివర్లో అడిగారు: "సీసానే చెడ్డదైతే? మరిగించి చల్లార్చిన నీళ్ళు పోసి ఒకటి పక్కన పెట్టావా?"

పెట్టలేదు. బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ చేస్తూ కంట్రోల్, అంటే పోల్చి చూసుకునే సీసా, పెట్టడం మర్చిపోయాను. వచ్చే శనివారం నాలుగో సీసా కూడా ఉంటుంది. దాని మీద ఏ బొమ్మ వెయ్యాలో పాప ఆలోచిస్తోంది. నాన్న ఆదివారం సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తానన్నారు, రంగు తెలుసుకోవడానికి.